మూడో అంతస్తు దాకా

పరుపుల కొట్టు మీద గది
చలి మొదలైన రోజులు

వదినగారికి నమస్కారాలు.

మీరు ఫోను ఎత్తడం లేదు. మొన్న ఒకసారి ఎత్తారు గానీ నా ఏడుపు వినగానే పెట్టేశారు. అందుకని కాయితం మీద రాస్తున్నాను. కాయితం ఏడ్చినా మీకు వినబడదు కదా. నా చదువు మీకు తెలిసిందే, తప్పులుంటే దిద్దుకుని చదవండి.

మా అమ్మాయి పోయాక వానలు వచ్చి వెళ్ళాయి. ఇప్పుడు చలి వచ్చింది. దాని పిల్ల మీ దగ్గర ఉంది. అల్లుడు ఓడలో ఇంజన్ల పనికి వెళ్ళిపోయాడు, ఎండలు ముదిరేదాకా తిరిగి రాడు. బుడ్డిదాన్ని నా దగ్గరికి పంపించండి వదినగారూ. నేను అడిగేది ఇదొక్కటే. అమ్మాయి చీరలు అడగను, ఫొటోలు అడగను, ఏదీ అడగను.

మీ మెట్ల మీద జరిగింది నేను మరిచిపోలేదు. అమ్మాయిని కాటికి సాగనంపిన మర్నాడు పిల్ల కిందికి పోదామని మారాం చేస్తే ఎత్తుకుని దిగాను. కడుపులో ఏమీ లేదు, కళ్ళకి దారి ఆనలేదు. మోకాళ్ళు మడతపడిపోయాయి. పిల్ల కనుబొమ చిట్లింది. మీరు పైనుంచి వచ్చి పిల్లను లాక్కుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. నన్ను లేపింది ఎవరో నాకు గుర్తు లేదు.

ఇక్కడ నేను కింద కొట్టులో పరుపులు కుడుతున్నాను. లేస్తే ఎక్కడికి పోవాలో తెలియక కూర్చునే ఉంటున్నాను. కొట్టాయన అంటాడు, "పెద్దమ్మా, లేచి నాలుగడుగులు వెయ్యి, లేకపోతే నిన్ను కూడా గలీబు తొడిగి అమ్మేస్తాను" అని. నవ్వించడానికే అంటాడు. పిల్ల ఉంటే లేస్తాను వదినగారూ. దానికి పాలు కాచడానికైనా లేస్తాను.

పంపిస్తారని చూస్తూ,
మీ కోడలి తల్లి

*

మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల

వదినగారికి,

ఉత్తరం అందింది. దిద్దుకుని చదవమన్నారు. దిద్దితే సీసాడు ఎర్ర సిరా అయిపోతుందని మానేశాను.

పాపను పంపను. కారణం మీ ఉత్తరంలో మీరే రాశారు. పాపను చూసుకోవడానికి లేస్తానంటున్నారు. అంటే మీరు లేవడానికి పాప కావాలి. పిల్ల ఊతకర్ర కాదు.

ఉద్యోగమంతా ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరుగా చేశాను. మనిషి గుమ్మం దాటి వచ్చే తీరు చూస్తే ఆ ఒళ్ళు ఎలా పెరిగిందో చెప్పగలను. మీది కూర్చున్న ఒళ్ళు. మీ అమ్మాయిదీ అంతే. కోడలుగా మా ఇంటికి వచ్చిన రోజు ఈ మెట్లెక్కి గుమ్మంలోనే కూలబడింది. డాక్టరు గుండె జబ్బు అన్నాడు. నేను పెంపకం అన్నాను, ఇప్పటికీ అదే అంటున్నాను. మీరు దాన్ని కూర్చోబెట్టి పెంచారు. నా మనవరాలిని అలా పెంచనివ్వను.

అయినా నేను అన్యాయపు మనిషిని కాను. ఒక అవకాశం ఇస్తాను. చలికాలం వెళ్ళాక రండి. వీధి తలుపు దగ్గర పాపను ఎత్తుకోండి. మా గుమ్మం దాకా ఎక్కడా ఆగకుండా, గోడ పట్టుకోకుండా ఎక్కండి. ఎక్కితే పాపను తీసుకెళ్ళండి, నేను ఒక్క మాట అనను. ఎక్కలేకపోతే మళ్ళీ అడగకండి.

జిమ్ముకు పోయే స్తోమత మీకు లేదని తెలుసు. అక్కర్లేదు. మా బడికి ఆటస్థలమే ఉండేది కాదు, వరండాలోనే అందరి నడుములూ వంచాను. పొద్దున దుప్పట్లో ఉండగానే పాదాలు తిప్పండి. తర్వాత కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవండి, కూర్చోండి, మళ్ళీ లేవండి. ఊపిరి ఎగిసేదాకా. గోడకు వీపు ఆనించి, కుర్చీ ఉన్నట్టు కూర్చోండి. తొడలు మండితే మంచిది. బయట మంచుకి నేల జారుతుంది కాబట్టి కప్పు ఉన్న చోట నడవండి. చలి అని ముసుగు తన్నడం మీకు బాగా అలవాటని నా కొడుకు పెళ్ళినాడే చూశాను.

ఏడుపు వ్యాయామం కాదు. దాన్ని పొద్దుటి పనుల్లోంచి తీసేయండి.

పాప నానమ్మ

*

పరుపుల కొట్టు మీద గది

వదినగారికి,

మీ ఉత్తరం కొట్టులో చదివాను. చదువుతూ కుడుతుంటే దబ్బనం వేల్లోకి దిగింది. తెల్ల దూది మీద రక్తం చూసి కొట్టాయన కంగారుపడ్డాడు. ఏం లేదు నాయనా, వియ్యపురాలు యోగక్షేమాలు రాసింది అన్నాను.

మా అమ్మాయిని మీరు అన్నది నేను ఇప్పుడు మాట్లాడను. మాట్లాడితే మెట్లు ఎక్కలేను. దాచిపెట్టుకుంటున్నాను.

సరే. ఎక్కుతాను.

మొదటి రోజు కుర్చీలోంచి లేవడానికి బల్ల పట్టుకున్నాను. మీరు చూడలేదు కదా అని ఒకసారి అనుకున్నాను. తర్వాత చూసినట్టే అనిపించి చెయ్యి తీసేశాను. గోడ కుర్చీ వేస్తే జర్రున జారి కింద కూర్చుండిపోయాను, లేపడానికి కొట్టాయన భార్య రావలసి వచ్చింది. "ఏంటమ్మా ఇది, ఈ వయసులో పెళ్ళిచూపులకి తయారవుతున్నావా?" అంది. అవునే, పెళ్ళికొడుకు మూడో అంతస్తులో ఉన్నాడు అన్నాను. ఇద్దరం నవ్వాం. అమ్మాయి పోయాక నవ్వడం అదే మొదలు, నవ్వాక భయం వేసింది.

మా సందు చివర జిమ్ము ఉంది. అద్దాల గోడ. లోపల కుర్రాళ్ళు కదిలే పట్టా మీద పరిగెత్తుతూ ఉంటారు, ఎక్కడికీ చేరరు. పోయి అడిగితే గుమ్మంలో కుర్రాడు నా చెప్పులు చూసి, "ఆంటీ, ఊడవడానికి మనిషి ఉందండీ" అన్నాడు. వెనక్కి తిరిగి వచ్చేశాను. కూరగాయల మార్కెట్టు రేకుల షెడ్డు కింద, కొట్లు తెరవకముందు నడుస్తున్నాను. మూటలు దించే వాళ్ళు తప్పుకుని దారి ఇస్తున్నారు. మధ్యాహ్నం కొట్టులో దూది ఏకే పని నేను తీసుకున్నాను. దూది ఏకే బద్ద ఎత్తి కొడుతుంటే భుజాలు ఊడిపోతున్నాయి. దూది ఏకేవాడి కూలి మిగిలిందని కొట్టాయనకి సంతోషం.

ఒక్కటి అడుగుతాను. అమ్మాయి ఊదారంగు స్వెటరు ఉంటే పంపండి. ఇక్కడ చలి ఎముకల్లోకి పోతోంది. వేరే ఏ స్వెటరైనా చలి ఆపుతుంది, నాకు తెలుసు. అయినా అది పంపండి.

*

మూడో అంతస్తు

వదినగారికి,

స్వెటరు పనిమనిషికి ఇచ్చేశాను. దానికి సరిపోయింది.

నడక సంగతి రాశారు గానీ ఎలా నడుస్తున్నారో రాయలేదు. తల వంచుకుని, కాళ్ళు ఈడుస్తూ నడిస్తే అది నడక కాదు, నేల తుడవడం. జిమ్ము కుర్రాడిని తప్పుపట్టలేను. మడమ ముందు ఆనాలి. చేతులు ఊగాలి. మాట్లాడగలిగి, పాడలేనంత వేగం ఉండాలి.

ఇక మెట్లు మొదలుపెట్టండి. మీ గదికి ఉన్నవి చాలు. పాదమంతా మెట్టు మీద పెట్టాలి, మునివేళ్ళ మీద ఎక్కితే పిక్కలు పట్టేస్తాయి. దిగేటప్పుడు నెమ్మదిగా దిగండి. పడేది దిగేటప్పుడే, మీకు ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు. వంటగట్టు పట్టుకుని మడమలెత్తి నిలబడండి. నీళ్ళు నింపిన సీసాలు రెండు చేతులా పట్టుకుని భుజాల దాకా లేపండి. ఖాళీ సీసాలు ఎత్తి నాకు ఉత్తరం రాయకండి.

పాప బాగుంది. సాయంత్రాలు పార్కుకు తీసుకెళ్తున్నాను. నా వెనక పరిగెత్తుతుంది. బుగ్గలు ఎర్రబడుతున్నాయి. బరువెక్కింది, మీకు తెలియడం మంచిదని చెబుతున్నాను.

పాప మిమ్మల్ని అడగడం లేదు. పిల్లలు తొందరగా మరిచిపోతారు. అది మంచి గుణం.

*

పరుపుల కొట్టు మీద గది
మంచు బాగా పడుతోంది

వదినగారికి,

సీసాలు నింపాను. అవి చాలక కొట్టులో పాత పరుపు గుడ్డ అడిగి సంచి కుట్టాను. బుడ్డిదాని కొలత నా చేతులకి తెలుసు, టేపు అక్కర్లేదు. అడుగున ఇసుక, పైన చిక్కు దూది. మోయడానికి పట్టు ఉంటుందని రెండు చేతులు కూడా కుట్టాను, నా మెడ చుట్టూ వచ్చేట్టు. కాళ్ళు కుట్టబోయి ఆగిపోయాను.

దాన్ని ఎత్తుకుని మెట్లెక్కుతున్నాను. మొదట సగంలోనే దించేశాను. ఇప్పుడు పైదాకా పోతున్నాను, గుమ్మం తగిలి వెనక్కి తిరుగుతున్నాను, మళ్ళీ ఎక్కుతున్నాను. నిన్న ఒకాయన పరుపు తీసుకోవడానికి వచ్చి, "ఆ దిండు బాగుంది, ఎంత?" అన్నాడు. కొట్టాయన నా మొహం చూసి, అది అమ్మేది కాదండీ, ఇంటి మనిషిది అన్నాడు. కొట్టాయన భార్య మాత్రం లోపలికి పోయి కొంగు నోట్లో కుక్కుకుంది.

వదినగారూ, అది బాగా ఉంటుంది. భుజం మీద తల పెట్టి పడుకున్నట్టే ఉంటుంది. ఎక్కేటప్పుడు దాంతో మాట్లాడతాను. ఇంకొంచెమే అమ్మా, వచ్చేశాం అంటాను. అప్పుడు కాళ్ళు నొప్పి తెలియదు.

పార్కులో బుడ్డిది ఏం ఆడుతుంది? ఉయ్యాల ఎక్కుతుందా? వాళ్ళమ్మకి ఉయ్యాలంటే భయం. రాయండి. ఎంత బరువు పెరిగిందో కూడా రాయండి, అంత ఇసుక కలుపుతాను.

*

మూడో అంతస్తు

వదినగారికి,

ఇసుక ఇంకా కలపండి. ఎంత అని అడగకండి, చెయ్యి నిండేదాకా.

బస్తాతో మాట్లాడకండి. ఊపిరి వృథా. పైగా అది పిచ్చి. పిచ్చిదాని చేతికి పిల్లను ఇవ్వనని చెప్పడానికి నాకు ఇంకో కారణం దొరుకుతుంది, ఆలోచించుకోండి.

పార్కులో ఉయ్యాల ఉందో లేదో నేను చూడలేదు. ఆడుకుంటుంది, అంతే. ఈ ఉత్తరం పాలావిడ చేతికిచ్చి డబ్బాలో వేయిస్తున్నాను, అందుకని ఆలస్యమైతే నన్ను అనకండి.

*

పరుపుల కొట్టు మీద గది
చలి విరుగుతోంది

వదినగారికి,

వస్తున్నాను. వచ్చే ఆదివారం పొద్దున్నే వస్తాను. పిల్లకి చెప్పి ఉంచండి.

ఇప్పుడు నేను కుర్చీలోంచి గాలిలా లేస్తున్నాను. మార్కెట్టులో మూటల వాళ్ళు నేను వస్తుంటే, "తప్పుకోండ్రా, ఎక్స్‌ప్రెస్సు వస్తోంది" అంటున్నారు. బస్తా ఎత్తుకుని ఎక్కితే ఊపిరి ఎగియడం లేదు. అదంతా మీ చలవ, కాదనను.

అందుకని దాచిపెట్టుకున్న మాట ఇప్పుడు రాస్తున్నాను. ఇప్పుడు రాసినా నా కాళ్ళు ఆగవు.

కూర్చోబెట్టి పెంచానన్నారు. మా అమ్మాయి పుట్టినప్పటినుంచి ఏడిస్తే పెదాలు నీలంగా అయ్యేవి. నడిస్తే అయ్యేవి. అందుకే నేను ఎత్తుకునేదాన్ని. బడికి ఎత్తుకుని పోయాను, బడి నుంచి ఎత్తుకుని వచ్చాను. అంత పెద్ద పిల్లని చంకనేసుకుంటుందేంటి, సిగ్గు లేదా అని వీధిలో అనేవాళ్ళు. దాని కాళ్ళు నా మోకాళ్ళకి తగిలేవి. దించమ్మా, నవ్వుతున్నారు అనేది. నవ్వనీ, నీ పెదాలు ఎర్రగా ఉన్నాయి అనేదాన్ని. అది కూర్చుందేమో వదినగారూ, నేను ఒక్క రోజు కూర్చోలేదు. నా మోకాళ్ళు అరిగింది దాన్ని మోసే.

మీ ఇంటికి వచ్చాక ఎవరూ ఎత్తుకోలేదు. మీరు మెట్లెక్కు, దిగు, మళ్ళీ ఎక్కు అన్నారు. అది నాకు ఫోనులో చెప్పేది. చెప్పి, అత్తయ్యగారు నా మంచికే అంటున్నారమ్మా అనేది.

ఆదివారం.

*

పరుపుల కొట్టు మీద గది

వదినగారికి,

ఆదివారం మీరు పైన ఉన్నారు కాబట్టి మెట్ల మీద జరిగింది మీకు తెలియదు. తెలియాలి.

వీధి తలుపు దగ్గర పాలావిడ పిల్ల చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. పిల్ల ఎండ వైపు చూడలేక కళ్ళు చికిలిస్తోంది. పాలిపోయి గోడ సున్నంలా ఉంది. ఎర్రబడిన బుగ్గలు ఎక్కడ అని చూశాను. అదేంటమ్మా ఇలా ఉంది, రోజూ పార్కుకి పోతుందంట కదా అన్నాను.

"ఎవరు, ఈ పిల్లా? ఈ చలికాలంలో వీధి మొహం చూడటం ఇదే మొదలమ్మా. టీచరమ్మ కుర్చీలోంచి లేస్తే కదా పార్కుకి పోయేది!" అంది.

నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే తీరిక లేదు. మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాపాను. రా బుజ్జమ్మా, అమ్మమ్మని అన్నాను. పిల్ల పాలావిడ కొంగు వెనక్కి పోయింది.

"వద్దు. నువ్వు పడేస్తావు."

"పడెయ్యనమ్మా. చూడు, అమ్మమ్మకి ఎంత బలం వచ్చిందో."

"పడేస్తావు. నానమ్మ చెప్పింది. నన్ను పడేశావు. అమ్మని కూడా నువ్వే పడేశావు, అందుకే అమ్మ లేవలేదు."

అది ఆ మాట రోజూ పాడే పాటలా అంది వదినగారూ. ఎన్నిసార్లు చెప్పారో మరి.

నేను ఎత్తుకున్నాను. అడగలేదు, బుజ్జగించలేదు. చలికాలమంతా బస్తా మోశాను, అది మెడ చుట్టూ చేతులు వేసుకుని పడి ఉండేది. ఇది తన్నింది. జుట్టు పీకింది. నా భుజం కొరికింది, పళ్ళు దిగాయి. వెనక్కి విరుచుకుపడితే నేను ఇంకా గట్టిగా అదిమాను. రెండో అంతస్తులో తలుపులు తెరిచి చూశారు. ఎవరో పిల్లను దించవమ్మా అన్నారు. నేను ఆగలేదు. పిల్ల ఏడుస్తోందని నాకు వినబడింది. కానీ నేను అనుకున్నది, ఆగితే ఆవిడ గెలుస్తుంది అని. పిల్ల నా చేతుల్లో ఉంటే నేను మీ గురించి ఆలోచించాను.

గుమ్మంలోకి వచ్చాను. గోడ పట్టుకోలేదు. మీరు కుర్చీలో ఉన్నారు. పక్కన నాలుగు కాళ్ళ చేతికర్ర ఉంది.

"ఆగారా?" అన్నారు.

"ఆగలేదు" అన్నాను.

పిల్లను దించగానే పరుగెత్తి మీ ఒళ్ళో దూరింది. దాని గౌను తడిసిపోయి ఉంది. చేతుల మీద నా వేళ్ళు అచ్చు పడ్డాయి. మీరు దాని వీపు నిమిరారు.  

ఆ అచ్చులు చూసే పిల్లను తీసుకురాకుండా వచ్చేశాను. ఇప్పుడు చెప్పండి. మీరు ఎప్పటి నుంచి లేవడం లేదు? పిల్లకి ఆ మాట ఎందుకు నేర్పారు?

*

మూడో అంతస్తు

వదినగారికి,

అడిగారు కాబట్టి చెబుతున్నాను.

చలి మొదట్లో స్నానాల గదిలో జారాను. తుంటి ఎముక. డాక్టరు ఇంటికి వచ్చి చూసి ఆపరేషన్ అన్నాడు. ఆసుపత్రికి పోతే పాపను ఎక్కడ పెట్టాలి? మీ దగ్గరే కదా. అందుకని వద్దన్నాను. మీ మొదటి ఉత్తరం వచ్చేసరికి మంచానికీ కుర్చీకీ మధ్య నడక, అంతే. మీకు రాసినవన్నీ నేను ఎవరితో చేయించాలనుకున్నానో ఇప్పుడు నాకే తెలియడం లేదు. రాస్తుంటే నా కాళ్ళు కదిలినట్టు ఉండేది.

మీరు ఎక్కలేరనే అనుకున్నాను. కూర్చున్న చోటు నుంచి లేవరని, ఒక నెలలో ఉత్తరాలు ఆగిపోతాయని అనుకున్నాను. మీరు బస్తా కుట్టానని రాసినప్పుడు భయం వేసింది. అప్పటి నుంచి పాపకు ఆ మాట చెప్పాను. మీ కాళ్ళు గట్టిపడితే ఆపడానికి నా దగ్గర పాప భయం తప్ప ఏముంది? తప్పని ఒప్పుకోను. మీరు నా స్థానంలో ఉంటే మీరూ అదే చేస్తారు.

పార్కు అబద్ధం. పాప ఆ కిటికీ దగ్గర నిలబడి కుక్కలకి చెయ్యి ఊపుతుంది. వంటింటి నుంచి గుమ్మం దాకా నేను కుర్చీలోంచి డ్రిల్లు చెబుతాను, పాప చేస్తుంది. నవ్వుతుంది. మేమిద్దరం బాగానే ఉన్నాం.

మీరు ఎక్కారు. మాట మాటే. కానీ పాపే రానంటోంది, మీరు చూశారు. మావాడికి నా తుంటి సంగతి తెలియదు. తెలిస్తే ఆ రోజే పాపను మీ దగ్గరికి పంపమంటాడు. చెప్పకండి వదినా. వాడు వచ్చేదాకా ఆగండి. ఎండలు వచ్చేలోపు నేను లేస్తాను.

*

పరుపుల కొట్టు మీద గది

వదినగారికి,

చెప్పాను.

ఓడ ఏదో రేవులో ఆగితే అల్లుడికి ఫోను కలిసింది.  సంగతంతా విని, "పిల్లను తెచ్చేసుకోండి అత్తయ్యా, అమ్మని ఆసుపత్రిలో చేర్పించే ఏర్పాటు నేను చూస్తాను" అన్నాడు. మీతో కూడా మాట్లాడి ఉంటాడు.

శుక్రవారం వస్తాను. ఈసారి నేను ఎత్తుకోను. పాలావిడ దింపుతుంది. పిల్ల బట్టలు మూట కట్టించి ఉంచండి. గుమ్మంలో ఏడుపు పెట్టుకోకండి, పిల్ల బెదురుతుంది. మీ ఏడుపు వింటూ నిలబడే ఓపిక నాకు లేదు.

*

మూడో అంతస్తు

వదినా,

ఆపరేషన్ చేశారు. ఆలస్యం చేశానన్నారు. ఇంటికి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. మెట్లు దిగడం ఇక కుదరదని చెప్పారు. దించాలంటే ఇద్దరు మగవాళ్ళు కుర్చీతో సహా మోయాలి. అలా మోయించుకుని వీధిలోకి రాలేను, నా దగ్గర చదువుకున్న పిల్లలు ఈ వీధి నిండా ఉన్నారు.

పాప పాలు తాగేటప్పుడు గ్లాసు నువ్వు పట్టుకోకు, తనే పట్టుకోవాలంటుంది. చెప్పులు ఎడమ కుడి తప్పు వేసుకుంటే దిద్దకు, కాసేపటికి తనే చూసుకుంటుంది. జలుబు చేస్తే గుండెలు విను. వాళ్ళమ్మలా పెదాలు మారుతున్నాయేమో చూస్తూ ఉండు. నేను చూస్తూనే ఉండేదాన్ని, నీకు చెప్పలేదు. ఇంతవరకు మారలేదు.

మీ అమ్మాయి గురించి నేను అన్నవి వెనక్కి తీసుకుంటున్నాను. తీసుకోవడం వల్ల నీకేం ఒరగదని తెలుసు.

ఒక్కసారి పాపను తీసుకురా. నీకు ఇప్పుడు ఈ మెట్లు లెక్క కాదు. ఒక్క పూట చాలు. నన్ను అడుగుతోందా? ఆ ఒక్కటి రాయి. అడగడం లేదని రాసినా సరే, రాయి.

*

పరుపుల కొట్టు మీద గది
ఎండలు మొదలయ్యాయి

వదినగారికి,

మీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. అడగడం లేదని రాద్దామని కూర్చున్నాను. పిల్లలు తొందరగా మరిచిపోతారు, అది మంచి గుణం అని మీ మాటే మీకు రాద్దామనుకున్నాను. రాసి చించేశాను. జాలిపడి కాదు. నిజం దానికంటే బాగుంది.

అడుగుతోంది.

మొదట్లో నా దగ్గరికి వచ్చేది కాదు. కొట్టాయన భార్య చేతి ముద్దలే తినేది. ఇప్పుడు వస్తుంది. దూదిలో దొర్లుతుంది, మార్కెట్టుకి నాతో నడుస్తుంది. ఎత్తుకోబోతే మాత్రం ఒళ్ళు కర్రలా బిగదీస్తుంది. అందుకని ఎత్తుకోను. మెట్లు తనే ఎక్కుతుంది, నేను వెనక ఖాళీ చేతులతో ఎక్కుతాను. ఇంత బలం తెచ్చుకుని ఏం చేసుకోవాలో తెలియక పరుపులు మోస్తున్నాను. కొట్టాయన కూలివాణ్ణి మాన్పించాడు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి అది తలుపు దగ్గరికి పోతుంది. గడియ అందదు. అరచేతులు రెండూ తలుపుకి ఆనించి నానమ్మా అని పిలుస్తుంది. ఏడవదు. పక్క గదిలో ఉన్న మనిషిని పిలిచినట్టు పిలుస్తుంది. కాసేపు ఆగుతుంది, వస్తారేమోనని. మళ్ళీ పిలుస్తుంది. నానమ్మ రాదమ్మా అంటే, "వస్తుంది, చెప్పులేసుకుంటోంది" అంటుంది.

రోజూ అంతే. ఒక్క రోజు తప్పలేదు.

మీరు రాలేరు. నేను తీసుకురాను.

ఇది మీకు తెలియాలనే రాస్తున్నాను. సాయంత్రమైతే అది ఇక్కడ పిలుస్తూ ఉంటుంది, మీరు అక్కడ కుర్చీలో కూర్చుని ఉంటారు. మా అమ్మాయి మీ ఇంటి మెట్ల మీద ఆయాసపడుతూ అమ్మా అంటే నేను ఇక్కడ పరుపులు కుడుతూ ఉండేదాన్ని. నాకు ఎవరూ రాయలేదు. నేను మీకు రాశాను.